‘దా’ అన్నాక కొట్టకూడదు

మాస్టర్ పోయారని నాకు వాట్సాప్ గ్రూపులో తెలిసింది. సినిమాలకి జంతువుల్ని పంపేవాళ్ల గ్రూపది. ఒక ఫోటో, దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. ఆ వరస పూర్తి కాకముందే ఎవడో అడిగాడు: “రేపు పొద్దున్న ఫిలింనగర్‌లో షూటింగు, ల్యాబ్రడార్ కావాలి, అర్జెంట్.” దానికి టకటకా మూడు జవాబులు. ముప్పై ఏళ్లు కుక్కలకి పని నేర్పిన మనిషి అరగంటలో ఫోను తెరమీంచి పైకి జరిగిపోయారు.

ఆయన పేరు ఏ సినిమా టైటిల్స్‌లోనూ పడలేదు. ఇక్కడ నేను వేసి ఉద్ధరించేదేముంది, మాస్టర్ అనే అంటాను.

నేను తణుకు నుంచి అసిస్టెంట్ డైరెక్టర్ అవుదామని వచ్చినదాన్ని. మొదటి సెట్‌లోనే కుక్క వెనకాల పరిగెత్తే పని తగిలింది, ఆ కుక్క తాలూకు మనిషి దగ్గరే ఉండిపోయాను. యూసుఫ్‌గూడలో ఆయనది మూడంతస్తుల మేడ మీద రేకుల ఇల్లు. డాబా అంతా కుక్కలదే. చేరిన రోజు ఆయన నాకు కుక్కని ఇవ్వలేదు.

“ఈ రోజు నువ్వే కుక్కవి బిడ్డా. నా మనసుల ఒక పని ఉన్నది. అదేందో నువ్వే కనుక్కోవాలె” అన్నారు.

నేను అటూ ఇటూ తిరిగాను. బకెట్ వైపు ఒకడుగు వేస్తే “ఆఁ” అని ఒక పిప్పరమెంటు ఇచ్చారు. ఇంకో అడుగుకి ఇంకోటి. ఐదు నిమిషాల్లో బకెట్ ఎత్తి నెత్తిన పెట్టుకున్నాను. ఇద్దరం పడీ పడీ నవ్వాం. తర్వాత ఇంకో పని తలుచుకుని, ఈసారి పిప్పరమెంట్లు మానేసి, నేనేం చేసినా “తప్పు” అనడం మొదలుపెట్టారు. తప్పు. తప్పు. తప్పు. నాలుగోదానికి నేను ఎండలో కొయ్యలా నిలబడిపోయాను. నిజం చెప్పాలంటే ఏడుపొచ్చింది.

“చూసినవా? తప్పు తప్పు అంటే తప్పు ఆగది. మనిషే ఆగుతడు” అన్నారు ఆయన, మిగిలిన పిప్పరమెంట్లన్నీ నా చేతిలో పోసి.

ఆ మనిషికి బతకడం తెలీదు, అది కూడా చెప్పాలి. జూబ్లీహిల్స్‌లో ఒక పెద్ద బంగళాకి వెళ్లాం. యజమాని వాళ్ల కుక్కపిల్ల మూతిని మూత్రం మరకకేసి రుద్దుతున్నాడు. “ఎప్పుడు పోసింది సార్?” అని మాస్టర్ అడిగారు. పొద్దున్న అన్నాడాయన. అప్పుడు టైము సాయంత్రం నాలుగు. “పొద్దున మీరు చేసిన తప్పుకు గిప్పుడొచ్చి మిమ్మల్ని కొడితే, ఎందుకు కొట్టిన్నో మీకు సమజైతదా సార్? దానికి గంతే. దానికి మీరంటే భయం నేర్చుకునుడు తప్ప ఇంకేం రాదు.” మర్నాటి నుంచి మమ్మల్ని రావద్దన్నారు.

సెట్‌లో ఒక హీరో కాఫీ చల్లారిందని కప్పు విసిరాడు. నలుగురు నాలుగు కప్పులు పట్టుకుని పరిగెత్తారు. మాస్టర్ నా చెవిలో అన్నారు: “గాయనకు అరుసుడు ఎవరు నేర్పిండ్రనుకున్నవ్? వీళ్లే. అరిస్తే బిస్కెట్ ఇయ్యవట్టిరి.” నాకు నవ్వాగలేదు. ఆ రోజుల్లో నాకు నవ్వడం వచ్చు.

ఆయన కుక్కల్ని ‘రా’ అని పిలవనిచ్చేవారు కాదు. సెట్‌లో ఏ మాట చివర చూసినా రా ఉంటుంది. ఏంట్రా, లైటు తీయరా, ఎవడ్రా అక్కడ. వెయ్యి సార్లు వినపడి, వెంట ఏమీ రాని మాటని కుక్క మాటగా లెక్కెయ్యదు. అందుకని మాది ‘దా’. దా అంటే వచ్చిన కుక్కకి కోడి కార్జం ముక్క దొరుకుతుంది, ఎప్పుడైనా, ఎక్కడైనా. ఆ మాటకి ఆయన పట్టింపు అంతా ఇంతా కాదు. “దా అని పిలిచి కొట్టద్దు. దా అని పిలిచి తిట్టద్దు. స్నానం గూడ చేపియ్యద్దు, కావాలంటే నువ్వే దాని దగ్గరికి పో. దా అన్నంక మంచే జరగాలె.” మనుషుల విషయంలోనూ అంతే. ఆయన నన్ను పిలిచి తిట్టిన రోజు ఒక్కటి లేదు.

ఇక నా ఘనకార్యం.

మా కుక్కలన్నిట్లోకీ లడ్డు గొప్పది. గోధుమరంగు వీధికుక్క, మాస్టర్ పెంచింది. ఆ రోజు మాస్టర్‌కి జ్వరం, లడ్డుతో నన్నొక్కదాన్నే పంపారు. గేటు దగ్గర్నుంచి పచ్చిక మీదుగా పరిగెత్తి హీరో కాళ్ల దగ్గరికి రావాలి, అంతే షాటు. లడ్డు భోజనాల షామియానా వెనక ఎముక చూసుకుని అటు పోయింది. వెలుగు తగ్గిపోతోంది. మేనేజరు మైకులో, యూనిట్ అంతా వింటుండగా, “ఏమ్మా, కుక్కని పిలవడం కూడా రాదా నీకు? ఎవరండీ ఈవిణ్ణి పంపింది?” అన్నాడు. ఎవరో ఇకిలించారు. నేను “లడ్డూ, దా, దా” అని అరిచాను. మూడో పిలుపుకి అది ఎముక వదిలేసి, తోక ఊపుకుంటూ నా దగ్గరికి వచ్చింది. వచ్చిన దాన్ని గొలుసుతో మూతి మీద కొట్టాను.

అది ఎముక దగ్గరికి పోయినందుకు కొట్టాననుకున్నాను. దానికి తెలిసిందల్లా పిలిస్తే వచ్చినందుకు కొట్టానని. ఆ తర్వాత ఎన్ని టేకులు తీసినా, దా అంటే సగం దూరం వచ్చి, పచ్చిక మధ్యలో వణుకుతూ కూర్చుంది. షాటు లేదు. మాస్టర్‌ని ఆఫీసుకి పిలిపించి, గంటల తరబడి కూర్చోబెట్టి, అందరి ముందూ అనరాని మాటలన్నారు. “నేనే సరిగ నేర్పలే సార్” అని వచ్చారాయన. మాట పాకింది, పని తగ్గిపోయింది.

డాబా మీద ఆయన లడ్డుని పిలిచి చూశారు. వచ్చింది. నన్ను పిలవమన్నారు. సగంలో ఆగింది, నా కుడిచేతి వైపే చూస్తూ.

“కొట్టినవా బిడ్డా?”

“లేదు మాస్టర్.”

“సరే” అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది. వారం తిరక్కుండా మోతీనగర్‌లో కుక్కల్ని ఉంచుకునే ఒక హాస్టల్లో పనికి కుదిరిపోయాను. అక్కడ అందరి చేతుల్లోనూ గొలుసులే, నాకు తగ్గ చోటు.

పోయిన నెల ఫోన్ చేశారు. “ఒకసారి దా బిడ్డా. జర పని ఉన్నది.” ఆదివారం వస్తానన్నాను. వెళ్లలేదు. తర్వాతి ఆదివారమూ వెళ్లలేదు. ఆ అబద్ధం సంగతి అడుగుతారని నా భయం. జన్మలో ఎవర్నీ పిలిచి తిట్టని మనిషి పిలిస్తే, తిట్టడానికే అనుకున్నాను. ఆ రెండో ఆదివారం గడిచిన మూడు రోజులకి ఆయన గుండె ఆగిపోయింది.

ఆ కబురు చూసి నేను మేడ ఎక్కేసరికి డాబా మీద కుర్చీలు వేసి ఉన్నాయి. ఆ వాట్సాప్ గ్రూపు వాళ్లు ఒక్కరూ లేరు. మాస్టర్ భార్య, నేను అమ్మా అని పిలిచే ఆవిడ, నన్ను చూసి ఏడవలేదు, కోప్పడలేదు. ఆయన ఫోను తెచ్చి నా ముందు పెట్టింది.

“నీ పాత వాయిస్ మెసేజ్‌లు ఉండె గదా ఇండ్ల, లడ్డుకు పాఠం చెప్పుకుంట నువ్వు పంపినయి. ఏడెనిమిది నెలల సంది రోజు పొద్దున గవే పెట్టిండు. ఫోన్ల నువ్వు దా అంటవు, ఈయన కార్జం ముక్క ఏస్తడు. మొదట నీ గొంతు ఇంటేనే లడ్డు మంచం కిందికి దూరేది. పోయిన నెల ఫోన్ కాడికి ఉరికొచ్చింది. ఇగ మనిషే రావాలె, పిలుస్త అన్నడు.”

“ఏమైనా అన్నారా అమ్మా, నా గురించి?”

“ఏమంటడు? తప్పు జేసినోళ్లు గూడ మళ్ల పిలిస్తే అది వచ్చేటట్టు ఉండాలె అన్నడు. వస్తవని నీ కోసం రెండు ఆదివారాలు కార్జం ఉడకవెట్టిండు.”

ఆవిడ లోపలికి వెళ్లింది. నేను మేడ మెట్ల మీద కూర్చుని, నోరు మూసుకుని ఏడ్చాను. ఏ ముఖం పెట్టుకుని వచ్చానో నాకే తెలియలేదు.

లడ్డు నీళ్ల ట్యాంకు నీడలో పడుకుని ఉంది. మూతి మీద తెల్లవెంట్రుకలు వచ్చాయి. పిలవకుండా వెళ్లిపోదామనే లేచాను. కానీ నోట్లోంచి వచ్చేసింది, చిన్నగా. “దా.”

అది తలెత్తింది. లేచింది. సగం దూరం వచ్చి ఆగింది. నేను కదల్లేదు. ముందుకాలు ఒకటి ఎత్తి, కాసేపు అలాగే పట్టుకుని, మళ్లీ నడిచింది. నా మోకాళ్ల దాకా వచ్చి బుద్ధిగా కూర్చుంది. కుడిచేతిని వాసన చూసింది. తోక ఊపుతూ, మొహం పైకెత్తి, మాస్టర్ ఇన్ని నెలలు మాటిచ్చిన ఆ ముక్క కోసం చూసింది.

చావింటికని ఉత్త చేతులతో వచ్చాను.