జీవరాశి లేని బురద

మల్‌న్యో అంటే వాళ్ళ భాషలో ఆఖరి పిల్ల అని. వరసగా నలుగురు ఆడపిల్లల మీద పుట్టింది కనక, ఇక చాలు తల్లీ అని నాయనమ్మ పెట్టిన పేరు. ఆ తర్వాత ఇంకో ఇద్దరు ఆడపిల్లలే పుట్టారు. "పెద్దవాళ్ళు అనుకున్నవన్నీ జరిగిపోతాయని నేను పుట్టినప్పట్నుంచీ నమ్మలేదు" అని డెబ్భై దాటిన ఈ వయసులోనూ ఆవిడ ఆ సంగతి చెప్పి నవ్విస్తుంది.

ఆవిడ మెట్టిన ఊరు చోంగ్‌పో. అక్కడ సముద్రం రోజుకు రెండుసార్లు వెనక్కి తగ్గి, చూపు ఆనినంత మేర బురద వదిలి వెళ్తుంది. ఊరికి పొలమైనా పుట్రైనా ఆ బురదే. మల్‌న్యో కాపురానికొచ్చిన మర్నాడే అత్తగారు చేతికి చిన్న పార ఇచ్చి గుల్లలు తవ్వడానికి తోలుకుపోయింది. కొత్త పెళ్ళికూతురు మోకాళ్ళ దాకా దిగబడి ఏడుస్తుంటే, "బురద పట్టుకుందంటే నిన్ను ఒప్పుకుందన్నమాటే" అందట ఆ తల్లి. అప్పట్నుంచి మల్‌న్యో ఇద్దరు బిడ్డల్ని ఆ బురదలోనే పెంచింది, మొగుణ్ణి కాటికి సాగనంపిన వారానికి మళ్ళీ ఆ బురదలోకే దిగింది. ఇప్పుడు దానికి గోడ కట్టి, మట్టి పోసి, ఓడల సరుక్కి గిడ్డంగులు లేపుతానంటున్నాడు ప్యో ఛైర్మన్.

ప్యో ఛైర్మన్‌ను ఊళ్ళో ఎవరూ కళ్ళారా చూడలేదు. చూడాల్సిన పనీ లేదు. పట్నంలో రేవు ఆయనది, ఆసుపత్రి ఆయనది, బేస్‌బాల్ జట్టు కూడా ఆయనదే. పర్యావరణ ఆఫీసూ రేవు ఆఫీసూ మాత్రం సర్కారువని బోర్డులు చెబుతాయి. ఆ ఆఫీసుల్లో పెద్ద కుర్చీ దిగినవాడు దిగినట్టే వెళ్ళి ఛైర్మన్ కంపెనీలో సలహాదారుగా కూర్చుంటాడు. రేపు జీతమిచ్చేవాడికి ఇవాళ అడ్డుచెప్పే మొనగాడెవడు? కాపలా కుక్కకు దొంగే బువ్వ పెడుతుంటే అది ఎవర్ని చూసి మొరగాలి? మల్‌న్యో ఈ మాట చేపల బజారులో అందరి ముందూ అడిగేది. విన్నవాళ్ళంతా వంగి చేపలు ఏరుకునేవారు. ఊళ్ళో ప్రతి ఇంటికీ కంపెనీలో ఒక మనిషి ఉన్నాడు మరి. ఆవిడ సొంత అల్లుడే ఛైర్మన్ రేవులో క్రేను నడుపుతాడు.

ఆ వసంతంలో పర్యావరణ ఆఫీసు వాళ్ళు పరిశీలనకొచ్చారు. నిండు పోటు మీద, బురదంతా నీళ్ళకింద ఉండగా, కంపెనీ పడవెక్కి, నీళ్ళ మీద ఒక చుట్టు తిరిగి వెళ్ళిపోయారు. చెప్పుకోదగ్గ జీవరాశి ఏదీ కనబడలేదని అభిప్రాయం రాశారు. ఆ మాట ఖాయమైతే గోడకు అడ్డు లేదు. ఆ వార్త చెప్పడానికి గ్రామపెద్ద తక్ వచ్చేసరికి మల్‌న్యో బుట్టెడు గుల్లలు కడుగుతోంది.

"చూశావా తక్ తమ్ముడూ, ఇవన్నీ జీవం లేనివేనంట. నోళ్ళు తెరిచి నీళ్ళు చిమ్ముతున్నాయి గానీ, పాపం వాటికింకా కబురు అందలేదు" అంది.

ఆ తీరం మనుషులంతా అంతే. వెనక కారు వాడు హారన్ మోగిస్తే, "అంత తొందరైతే నిన్ననే రాకపోయారా?" అనే రకం. తిట్టినా మర్యాద తప్పరు.

పర్యావరణ ఆఫీసు గేటు ముందు నిరసన సభ పెడదామని తక్ పోలీసు స్టేషనుకు వెళ్ళాడు. అక్కడ సభ జరుపుకోవాలంటే ముందుగా తెలియజేయాలి, ముందొచ్చినవాడిదే చోటు. ఆ చోటు నెల పొడుగునా కంపెనీ పేరు మీద ఉంది. పై నెలా వాళ్ళదే. అందుకోసమే కంపెనీ ఒక మనిషిని స్టేషను వరండాలో కుర్చీ వేసి కూర్చోబెట్టింది. వాడు పొద్దున్నే కిటికీ తెరవగానే ఆ వరస చివర ఇంకో రోజుకు పేరు రాయించి, మళ్ళీ కునుకు తీస్తాడు. కంపెనీ సభ పేరు వింటే ఒళ్ళు మండుతుంది: సముద్ర పరిరక్షణ ప్రజాసభ. సభంటే ఏమీ లేదు. 'మన సముద్రాన్ని ప్రేమిద్దాం' అని రాసిన పట్టీలు భుజానికి అడ్డంగా వేసుకుని నలుగురు గుమాస్తాలు గేటు పక్కన నిలబడి ఫోన్లు చూసుకుంటారు.

"చోటూ వాళ్ళదే, సభా వాళ్ళదేనని ఊరుకుందామా అక్కా?" అన్నాడు తక్ దిగాలుగా.

"నువ్వూరుకో. నేను నిలబడతా" అంది మల్‌న్యో.

ఒక్క మనిషి అట్ట పట్టుకుని నిలబడితే అది సభ కాదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. అందుకని ఆవిడ పట్నం వెళ్ళి గేటు ముందు ఒక్కతే నిలబడింది. 'నీళ్ళు వెనక్కి తీసినప్పుడు వచ్చి చూడండి' అని అట్ట మీద రాయించుకుంది. తోడొచ్చిన ఆడవాళ్ళు బార్లీ టీ పట్టుకుని దగ్గరకు రాబోతే, "అటు జరగండే, ఇద్దరమైతే సభంట" అని తరిమేది. టీ తెచ్చినామె గ్లాసు నేల మీద పెట్టి వెనక్కి పోయేది.

కూతురు ఫోన్ చేసి ఏడ్చింది. "అమ్మా, నువ్వక్కడ నిలబడ్డావని రేవులో అందరికీ తెలిసిపోయింది. ఆయన ఉద్యోగానికేమైనా అయితే ఏం చెయ్యాలే?"

మల్‌న్యో అట్ట పక్కన పెట్టింది. అల్లుడు మంచివాడు, పిల్లలు చదువుల్లో ఉన్నారు. ఆవిడ నోరు తెరిచేలోపే అవతల అల్లుడు ఫోన్ అందుకున్నాడు. "అత్తయ్యా, ఎండ మండిపోతోంది. టోపీ పెట్టుకుని నిలబడండి" అన్నాడు. ఆ మాట చాలు, ఆవిడకు ఏనుగంత బలం వచ్చింది.

రోజూ పక్కపక్కన నిలబడితే శత్రువైనా చుట్టమవుతాడు. పట్టీ గుమాస్తాల్లో సోక్ అనే అతను ఉడికించిన చిలగడదుంప సగం ఆవిడకు పెట్టేవాడు. ఒకరోజు కాళ్ళు పీకుతున్నాయని గొణుక్కుంటూ, "మూడొందల మందిమి రావాలి మామ్మగారూ, నలుగురిమే చస్తున్నాం" అన్నాడు.

"మూడొందలేంటి నాయనా?"

"చోటంతా మాకే కావాలని మూడొందల మంది పౌరులొస్తారని స్టేషన్లో రాయించారు. పౌరులెవరు వస్తారండీ, మా ఖర్మ కాకపోతే."

మల్‌న్యో దుంప నమలడం ఆపేసింది. తర్వాత నిదానంగా నమిలి మింగి, "అయ్యో పాపం" అంది.

సంతరోజు పొద్దున చోంగ్‌పో, దాని పక్క ఊళ్ళూ బస్సుల్లో దిగాయి. అందరి భుజాలకూ తెల్ల పట్టీలు, వాటి మీద 'మన సముద్రాన్ని ప్రేమిద్దాం'. చర్చి ఆడవాళ్ళు రాత్రంతా కూర్చుని కుట్టినవి. రెండు పెద్ద డేగిసాలూ గ్యాస్ పొయ్యీ కూడా దిగాయి. ఇన్‌స్పెక్టర్ హ్యోన్ పరుగున వచ్చాడు.

"మామ్మగారూ, ఇది కంపెనీవాళ్ళ సభ. మీరు రాకూడదు."

"వాళ్ళ సభకే వచ్చామండీ. సముద్రాన్ని కాపాడే సభంట కదా, పౌరులు తక్కువపడ్డారంట. లెక్క తప్పితే తమరికి మాటొస్తుందని ఊళ్ళకు ఊళ్ళే కదిలొచ్చాం. కూర్చోండి, కాసింత గుల్లల చారు తాగండి."

హ్యోన్ గుమాస్తా సోక్ వంక చూశాడు. సోక్ ఆకాశం వంక చూశాడు. పేరు కంపెనీవాళ్ళదే, పని వాళ్ళు చెప్పిందే, జనం కూడా వాళ్ళు రాయించినంతే. ఇంక పోలీసువాడు చెయ్యగలిగిందల్లా సభకు కాపలా కాయడమే. కాశాడు. చారు కూడా తాగాడు.

పేపరు వాళ్ళు వచ్చారు, టీవీ వాళ్ళు వచ్చారు. ఆ గోలకు పర్యావరణ ఆఫీసు డైరెక్టర్ యోమ్ బయటకు రాక తప్పలేదు. ఇంకో ఏడాదిలో రిటైరయ్యే మనిషి. మల్‌న్యో రెండు చేతులతో గిన్నె అందించింది.

"భయపడకుండా తాగండి బాబూ. జీవరాశి లేని బురదలోవే."

కెమెరాలు చూస్తుండగా యోమ్ తాగాడు. కెమెరాలు చూస్తుండగానే, నీళ్ళు తీసినప్పుడు వచ్చి మళ్ళీ పరిశీలిస్తానని మాటిచ్చాడు. ఆ మర్నాడే కంపెనీ ఆ గేటు ముందు సభలన్నీ రద్దు చేసుకుంది.

యోమ్ మాట మీద నిలబడ్డాడు గానీ, వచ్చింది కంపెనీ బండిలోనే. కాళ్ళకు కొత్త రబ్బరు బూట్లు, వాటి మీద కంపెనీ ముద్ర. వాళ్ళిచ్చినవి వేసుకుని వాళ్ళ మీదే తీర్పు చెప్పడానికొచ్చాడు. మల్‌న్యోకు కోపం నషాళానికంటింది. అయినా ఏమీ అనకుండా ముందు నడిచింది, ఊరంతా గట్టు మీద నిలబడి చూస్తోంది.

కాస్త దూరం పోయాక యోమ్ దిగబడ్డాడు. ఒక కాలు లాగితే రెండోది ఇంకా లోపలికి పోయింది. కంపెనీ మనుషుల్లో ఒక్కడూ గట్టు మీంచి దిగలేదు. దూరంగా నీటి చప్పుడు వినిపించి యోమ్ మొహం పాలిపోయింది.

"పోటు ఎప్పుడొస్తుంది మామ్మగారూ?"

"వస్తుందండీ, దాని వేళకి. అదొక్కటే ఛైర్మన్ గారి మాట వినదు."

"నన్ను లాగండి."

"లాగితే రారు బాబూ. బూట్లు వదిలేయండి, కాళ్ళు వాటంతటవే వస్తాయి. ఎలాగూ అవి తమరివి కావుగా."

ఆ మాటకు యోమ్ గట్టు మీది కంపెనీ మనుషుల వంక చూశాడు. చివరికి ఆవిడ భుజం పట్టుకుని ఒక్కో కాలూ పైకి లాక్కున్నాడు. ఉత్త పాదాలతో బురదలో నిలబడ్డాడో లేదో, కాళ్ళకింద గుల్లలు గుచ్చుకుని చిన్నపిల్లాడిలా ఎగిరాడు. గట్టు మీద జనం నవ్వారు. కాసేపటికి ఆయనకూ నవ్వొచ్చింది. తిరిగి వెళ్ళేటప్పుడు కంపెనీ బండి ఎక్కకుండా, బురద కాళ్ళతోనే తక్ ట్రక్కు వెనక కూర్చున్నాడు.

చలికాలం రాకముందే గోడ దరఖాస్తు తిప్పి పంపేశారు. మర్నాటి ఏడు రిటైరైన యోమ్‌ను ఏ కంపెనీ సలహాదారుగా పిలవలేదని విన్నప్పుడు మల్‌న్యో ఒక గోనెడు గుల్లలు ఆయనింటికి పంపింది. ఛైర్మన్ మాత్రం ఊరుకునే రకం కాదని ఆవిడకు తెలుసు. మళ్ళీ వస్తాడు. రానీ, తను కూడా ఎక్కడికీ పోవడం లేదు.

ఆ బూట్లు ఇప్పటికీ బురదలోనే ఉన్నాయి. జీవరాశి లేదన్న చోట వాటినిండా పీతలు కాపురం పెట్టాయి.