షుగరు దిగేదాకా

పదవీ విరమణకు ఇంకా నాలుగేళ్ళు ఉన్నాయనగా, ఒక జూన్ నెలలో నన్ను డెంకణికోట వైపు నుంచి బాగలూరు దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి మార్చారు. హోదా సెక్టార్ హెల్త్ నర్సు. అంటే ఊరూరా తిరిగే విలేజ్ హెల్త్ నర్సులకు ఒక మెట్టు పైన, మెడికల్ ఆఫీసరుకు చాలా మెట్ల కింద. డెంకణికోటలో ఏనుగులకు భయపడి పొద్దు గూకకముందే ఇల్లు చేరేదాన్ని. ఇక్కడ ఆ బెడద లేదు. పొద్దున హోసూరు బస్సు దిగగానే రోజాపువ్వుల వాసన, దానితోపాటే తోటలకు కొట్టిన మందు వాసన. ఆ రెండూ కలిసిన గాలి నాకు ఇప్పటికీ ఇష్టమే. ఎవరికి చెప్పినా నవ్వుతారు.

వారానికొక రోజు షుగరు, బీపీ క్లినిక్కు నా బాధ్యత. తమిళనాడు సరిహద్దు గనుక చీట్లు తమిళంలో రాసి, కబుర్లు తెలుగులో చెప్పి, ఆలస్యమైతే కన్నడంలో చీవాట్లు తినేదాన్ని. ఎంత బాగుండేవో ఆ ఉదయాలు! ముందు బరువు చూస్తాం, తర్వాత నడుముకు టేపు చుడతాం, బీపీ చూస్తాం, వేలికి సూది గుచ్చి షుగరు చూస్తాం. ముప్పై దాటిన ఆడవాళ్ళను ఆ తర్వాత లోపలి గదికి పంపాలి. అక్కడ తెర వేసి, వేళ్ళ మెత్తటి భాగంతో రొమ్ములను, చంకలను నిదానంగా తడిమి గడ్డలున్నాయేమో చూస్తాం. పెద్ద పనేమీ కాదు. కానీ ఆ గుమ్మం దగ్గరికి రాగానే అందరికీ తోటలో లారీకి ఎక్కించాల్సిన పువ్వుల లోడు గుర్తొచ్చేది.

షుగరుకూ రొమ్ముకూ ఏమి సంబంధమని చాలామంది అడిగేవాళ్ళు. సంబంధం ఉంది. ముట్లు ఆగిపోయిన తర్వాత ఒంట్లోని కొవ్వే ఈస్ట్రోజెన్ అనే హార్మోనును తయారు చేస్తుంది. నడుము చుట్టూ కొవ్వు పేరుకుంటే ఇన్సులిన్ సరిగ్గా పని చేయదు, దాంతో అది రక్తంలో ఎక్కువవుతుంది. ఈ రెండూ రొమ్ములోని కణాలను పెరగమని ఎగదోస్తాయి. అందువల్ల క్యాన్సర్ వచ్చే అవకాశం కొంత పెరుగుతుంది. షుగరున్న ప్రతి మనిషికీ వస్తుందని కాదు, సన్నగా ఉన్నవాళ్ళకు రాదనీ కాదు. టేపు పెద్ద అంకె చూపించిన మనిషిని లోపలి గదికి తప్పకుండా పంపాలన్నది మా పద్ధతి, అంతే.

మునిరత్నమ్మ నేను చేరిన నెలలోనే వచ్చింది. యాభై దాటిన మనిషి. రోజా తోటల షెడ్డులో పువ్వులు ఏరి కట్టలు కట్టే పని. భారీ నడుము, అంతకన్నా భారీగా షుగరు. ఆమె ఎడమ రొమ్ములో అప్పటికే ఒక గడ్డ ఉంది. ఆ సంగతి ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు.

చెప్పినవన్నీ చేసింది. రాగిముద్ద సగానికి తగ్గించింది, బెల్లం కాఫీ మానేసింది, మాత్ర ఒక్క పూట తప్పలేదు, తెల్లారుతూనే తోటల చుట్టూ నడిచింది. అంత శ్రద్ధ గల మనిషిని నా సర్వీసులో చూడలేదు. బెంచీ మీద కూర్చున్న వాళ్ళందరికీ ఆమెను చూపించి, నేర్చుకోండమ్మా అనేదాన్ని. లోపలి గదికి పిలిస్తే మాత్రం ప్రతిసారీ ఒకటే జవాబు.

“షుగరు దిగనీ అమ్మా. దిగినాక నువ్వు పిలిచే పని లేదు, నేనే వస్తాను.”

ఏదో మొక్కు అనుకున్నాం. మాతో పనిచేసే విలేజ్ హెల్త్ నర్సు అయితే, దిగినాక మాకందరికీ పాయసం పెడుతుందేమో అని ఆటపట్టించేది.

దీపావళి దాటాక ఒక రోజు షుగరు మేము కోరుకున్న అంకె దగ్గరికి వచ్చింది. బెంచీ మీది ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. మునిరత్నమ్మ నవ్వలేదు. లేచి నేరుగా లోపలి గదిలోకి నడిచింది. నేను తెర లాగేలోపే రవికె హుక్కులు తీసింది.

గడ్డ గట్టిగా ఉంది, వేళ్ళ కింద కదలడం లేదు. పైన చర్మం లోపలికి లాక్కుపోయి ఉంది. ఎన్నాళ్ళనుంచని అడిగాను.

“నువ్వీడికి రాకముందు నుంచే ఉంది. దీనికోసరమే గదా షుగరు దించుకునింది. మా అక్కకు కాల్లో ముల్లు దిగితే కోసినారు. షుగరుండె, మానలేదు. మోకాలిదాకా తీసేసినారు. ఆయమ్మ మళ్ళా లేయలేదు. ఇప్పుడు నన్ను కోసినా మానుతాది గదా?”

నాకు ఏడుపొచ్చింది. ఆమె ముందు ఏడవకూడదు గనుక, మానుతుందమ్మా అని మెడికల్ ఆఫీసరును పిలవడానికి బయటికి వచ్చాను.

కృష్ణగిరి ఆస్పత్రికి నేనే తీసుకుపోయాను. మామోగ్రాం, సూది పరీక్ష అయ్యాయి. క్యాన్సరే, చంకలోకి కూడా పాకింది. సర్జన్ ఒక యువ డాక్టరమ్మ. షుగరు ఎంతున్నా ఇన్సులిన్ ఇచ్చి కొద్ది రోజుల్లోనే ఆపరేషనుకు సిద్ధం చేస్తామని, దానికోసం నెలల తరబడి ఆగనక్కర లేదని చెప్పింది. ముందే వచ్చి ఉంటే గడ్డ వరకే తీయగలిగేవారేమోనని, ఇప్పుడు రొమ్ము మొత్తం తీయాలని మెల్లగా చెప్పింది.

“అట్లని మాకెవురూ చెప్పలేదే తల్లీ,” అంది మునిరత్నమ్మ.

ఆపరేషను గాయం చక్కగా మానింది. ఆమె పడిన కష్టం దానికి పనికొచ్చిందని సర్జనే అంది. ఆ తర్వాత మందులు ఎక్కించారు, జుట్టు ఊడింది, మళ్ళీ వచ్చింది. నేను రిటైరయ్యే నాటికి ఆమె షెడ్డులో పువ్వులు ఏరుతూనే ఉంది. ఎడమ చేతికి వాపు వస్తోందని ఆ చేయి మాత్రం ఎక్కువ ఆడించేది కాదు.

మెడికల్ ఆఫీసరుతో మాట్లాడి మా క్లినిక్కు వరుస మార్చాను. వేలికి సూది గుచ్చకముందే, ఒంట్లో ఎక్కడైనా గడ్డ ఉంటే షుగరు దిగేదాకా దాచొద్దని ప్రతి మనిషికీ చెప్పాలి. నర్సుల సమావేశంలో ఇంకొకటి కూడా చెప్పాను. మాట వినని రోగిని, ఎందుకు వినవని మనం ఎలాగూ అడుగుతాం. చెప్పినదంతా తు.చ. తప్పకుండా చేసే రోగిని కూడా, ఎందుకమ్మా ఇంత కష్టపడుతున్నావని కూర్చోబెట్టి అడగాలి.