అయిదో అధ్యాయంలోని పేరు

సోమవారం మధ్యాహ్న భోజనం వేళ జమునకు ఆ ఫోన్ వచ్చింది. చెన్నూరులో ఒక ప్రభుత్వ పాఠశాలలో ఆమె వ్యాయామ ఉపాధ్యాయిని. పళ్లాలు పట్టుకుని వరుసలో నిలబడ్డ పిల్లల గోలలో ఒక చెవి మూసుకుని వినవలసి వచ్చింది.

"జమున గారేనా? నేను సంతోష్‌రావును, కరీంనగర్ నుంచి. మీ పుస్తకం ఆఖరి మూడింట్ల ఉన్నదమ్మా."

మన దేశంలో బేస్‌బాల్ ఆట తొలినాళ్ల మీద వచ్చిన పుస్తకాలకు ఏటా బహుమతి ఇచ్చే చిన్న సంఘం అది. పాత ఆటగాళ్లు కొందరు, ఇద్దరు రిటైరైన లెక్చరర్లు కలిసి నడుపుతారు. ఏ భాషలో రాసినా తీసుకుంటారు. క్రికెట్ తప్ప ఇంకో బ్యాటు పేరెత్తని చోట అలాంటి పుస్తకాలు ఎన్ని వస్తాయి? ఒక ఏడు ఒక్కటీ రాక బహుమతే ఇవ్వలేదు. సంతోష్‌రావు ఆ సంఘానికి కార్యదర్శి.

"ఒక చిన్న పని ఉన్నది. శుక్రవారం సాయంత్రం అయిదు లోపట ఒక కాగితం సంతకం పెట్టి పంపాలె. పుస్తకంలున్న సంగతులన్నీ సరిచూసుకున్న, నాకు తెలిసినంతల తప్పు లేదు అని. అందరి దగ్గర తీసుకుంటం. ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడాయన.

జమున గోడకు ఆనుకుని నిలబడిపోయింది. నాలుగేళ్ల పని అది.

ఆమె పుట్టి పెరిగింది మంచిర్యాల దగ్గర బొగ్గుబావుల కాలనీలో. తండ్రి బావిలో దిగిన మనిషి. ఇంటర్‌లో ఉండగా కరీంనగర్‌లో సాఫ్ట్‌బాల్ నేర్చుకుంది. జిల్లా జట్టుకు ఆడింది. మోకాలు దెబ్బతిన్నాక ఆట ఆపి, ఆడించే ఉద్యోగంలో చేరింది. కాలనీ చివర ఉన్న ఖాళీ జాగాను చిన్నప్పటి నుంచి అందరూ "బీసు గ్రౌండ్" అనేవారు. ఎందుకో ఎవరికీ తెలియదు. నలభై దాటాక ఒక సెలవు రోజు అక్కడ నడుస్తుంటే ఆ మాట ఆమె చెవిలో వేరుగా వినిపించింది. బీసు కాదు, బేసు.

అప్పటి నుంచి ముసలివాళ్లను వెతుక్కుంటూ తిరిగింది. అరవైలలో బావిలోకి కొత్త యంత్రాలు వచ్చాయని, వాటిని బిగించడానికి వచ్చిన విదేశీ ఇంజనీర్లు సాయంత్రాలు ఆ జాగాలో ఏదో ఆట ఆడేవారని తెలిసింది. చూసి చూసి కార్మికులు కూడా దిగారు. రెండేళ్లు ఆడారు. ఇంజనీర్లు తిరిగి వెళ్లబోయే ముందు, అరవై ఎనిమిది జనవరిలో ఒక శనివారం, కార్మికుల జట్టు వాళ్లను ఓడించింది. ఒకే ఒక్క దెబ్బ. బంతి క్యాంటీను పెంకుల మీద పడింది. ఆ దెబ్బ కొట్టినవాడు అంతయ్య. పుస్తకంలో అయిదో అధ్యాయమంతా అదే.

అంతయ్యకు ఇప్పుడు డెబ్బై ఎనిమిది. మంథనిలో కూతురి దగ్గర ఉంటున్నాడు. ఆరుసార్లు వెళ్లి ఆయనతో మాట్లాడి ఆ అధ్యాయం రాసింది జమున. కాలనీ కార్మికుల క్లబ్బు పాత నోటుబుక్కులో ఆట గెలిచినట్టు తేదీ ఉంది గానీ పేర్లు లేవు.

మంగళవారం పత్రిక జిల్లా పేజీలో వార్త వచ్చింది. అందులో అంతయ్య పేరు కూడా వేశారు.

బుధవారం పొద్దున ప్రార్థన అయిపోయి పిల్లలు తరగతుల్లోకి వెళ్తుండగా, ఒక ముసలామె గేటు దాటి నేరుగా మైదానంలోకి వచ్చింది. పక్కన కాలేజీ ఈడు పిల్ల. ముసలామె చేతిలో మడిచిన పత్రిక.

"జమునంటే నువ్వేనా బిడ్డా?"

"నేనే అవ్వా. ఎవలు మీరు?"

"నా పేరు బుచ్చవ్వ. ఇది నా మనుమరాలు అమూల్య. గీ పేపర్ల నువ్వు రాసినవని ఇది సదివింది." ఆమె పత్రికను జమున చేతిలో పెట్టింది. "ఆ దినం బంతి కొట్టింది నా పెనిమిటి పోశం. అంతయ్య ఆడనే లేడు."

జమున నవ్వబోయి ఆగిపోయింది. ముసలామె ముఖంలో కోపం లేదు. కళ్లు మాత్రం జమునను వదలడం లేదు.

"అవ్వా, అంతయ్య కాక నాకు ఆరుసార్లు చెప్పిండు. బంతి ఎట్లొచ్చింది, ఎట్ల తిప్పి కొట్టిండు..."

"పుర్రచేత్తోటి కొట్టిండని చెప్పిండా?"

చెప్పాడు. జమున అది రాసింది కూడా. ఎడమచేతివాటం కార్మికుడు బ్యాటు పట్టుకోగానే ఇంజనీర్లు తమ మనుషులను అటు నుంచి ఇటు జరిపారని, అయినా బంతి వాళ్ల తలల మీదుగా పోయిందని.

"అంతయ్యది కుడిచెయ్యి" అంది బుచ్చవ్వ. "పుర్రచెయ్యి నా పోశానిది. నేను పసిపిల్లను సంకనేసుకొని తీగె కంచె పక్కపొంట నిలవడి సూసిన. కాళ్లకు చెప్పుల్లేకుంట ఉరికిండు. ఒడిసినంక నా దిక్కు సూసి చెయ్యి లేపిండు. రెండొద్దులకే బాయిల కప్పు కూలి సచ్చిపోయిండు. గా ఒక్క దినం కూడ ఇంకోనికి ఇస్తవా బిడ్డా?"

నిరుడు పుస్తకం మొదటి ప్రతి ఇచ్చినప్పుడు అంతయ్య దాని మీద సంతకం చేశాడు. ఆ చెయ్యి ఏదో ఆమెకు బాగా గుర్తుంది. కుడిచెయ్యి. టీ గ్లాసు పట్టేది కుడిచేత్తో. ఆరుసార్లు ఎదురుగా కూర్చుని చూసి కూడా తనకు తట్టలేదు. తట్టలేదా, తట్టనివ్వలేదా?

"రెండు దినాలు టైమియ్యి అవ్వా" అంది.

"ఇరవై ఏండ్ల దాన్నప్పుడు. ఇప్పుడు డెబ్బై ఆరు. నాకేం తొందర లేదు" అని బుచ్చవ్వ వెనుదిరిగింది. వెళ్తూ వెళ్తూ అమూల్య తన ఫోన్ నంబరు రాసి ఇచ్చింది.

గురువారం సెలవు పెట్టి జమున మంథని బస్సెక్కింది. మంచిర్యాలలో ఒకటి, గోదావరిఖనిలో ఒకటి మారాలి. దారంతా సంచిలో ఆ కాగితం ఉంది. సంతకం పెట్టి ఫోటో తీసి పంపితే నిమిషం పని. బుచ్చవ్వ మాట తప్ప ఇంకో రుజువు లేదు, అరవై ఏళ్ల నాటి సంగతి, ముసలివాళ్ల జ్ఞాపకం ఎటైనా పోవచ్చు అని తనకు తాను చెప్పుకుంది. గోదావరిఖని బస్టాండులో దిగేసరికి ఆ మాటలు తనకే అసహ్యంగా అనిపించాయి.

అంతయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి ముఖం వెలిగింది. "రా బిడ్డా, పేపర్ల చూసిన. ఎప్పుడు సభ? నన్ను గూడ తోల్కపోతవా?"

"కాకా, పోశం ఎవలు?"

లోపల మిక్సీ శబ్దం. కూతురు వంట చేస్తోంది. ఆయన వీధిలోకి చూశాడు.

"బుచ్చవ్వ వదిన బతికే ఉన్నదా?" అన్నాడు.

"ఉన్నది. మా బడికొచ్చింది."

"ఆటనాడు నేను బాయిలున్న" అన్నాడు అంతయ్య. "శనివారం మొదటి షిఫ్టు వానిది. ఆట ఆడాలెరా, జర నా డ్యూటీ చెయ్యి అన్నడు. షిఫ్టు చూసే సర్దార్‌ను ఒప్పిచ్చి నేను దిగిన. సాయంత్రం క్యాంటీన్ల కూసొని ఆటంత చెప్పిండు. ఒక్కసారి కాదు, మూడుసార్లు. నా కండ్లతోటి సూసినట్టే అయింది."

"మరి నువ్వెందుకు..."

"ఆగు. చెప్పనియ్యి." ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "సోమవారం రెండో షిఫ్టు నాది. నేను మెట్‌పల్లికి పిల్లను చూడబోవాలె. బదులు నా డ్యూటీ నువ్వు చెయ్యిరా అన్న. నవ్వుకుంట పోయిండు. నేను ఆడ పిల్లోల్ల ఇంట్ల చాయ్ తాగుతున్న యాళ్లకు ఈడ కప్పు కూలింది. ఆ పిల్లనే చేసుకున్న. నలభై ఏండ్లు సంసారం చేసిన. ఆమెకు గూడ చెప్పలే."

జమున అరుగు అంచు పట్టుకుంది.

"మా బిడ్డ చిన్నగున్నప్పుడు ఆట ముచ్చట చెప్పిన. కొట్టింది ఎవలు బాపూ అనడిగింది. పోశం అంటే, పోశం ఏడున్నడు అంటది. ఎట్ల సచ్చిండు అంటది. నేనే కొట్టిన అన్న. గంతే. ఇగ అట్లనే ఉండిపోయింది. నువ్వొచ్చి అడిగినప్పటికి నాకు గూడ నేనే కొట్టినట్టుండె."

"బుచ్చవ్వకు ఎరుకేనా, అది నీ షిఫ్టని?"

"లేదు. ఆటకు మరునాడు ఆమె చెన్నూరుకు తల్లిగారింటికి పోయింది. మనిషి పోయినంకనే వచ్చింది. మారుడు డ్యూటీ అని చెప్పిండ్రు. ఎవలతోటి మారిండో ఎవలూ చెప్పలే. నేను ముంగటికి పోలే." అంతయ్య ఆమె వైపు తిరిగాడు. "సంతకం పెట్టు బిడ్డా. బహుమానం రానియ్యి. నేను ఇంకెన్నొద్దులుంట? నేను పోయినంక మార్చుకో."

ఆయన అడిగింది అన్యాయమని కూడా ఆమెకు వెంటనే అనిపించలేదు. ఒక్క క్షణం, ఆ దారి ఎంత సులువుగా ఉందో చూసింది. ఆ క్షణం గురించి తర్వాత ఎప్పుడు తలుచుకున్నా ఆమెకు సిగ్గేసేది.

"కాకా, పుస్తకంల పేరు నేను మారుస్త. అది నా తప్పు, ఇంకొకలను అడగకుంట రాసిన. షిఫ్టు సంగతి మాత్రం నేను చెప్పలేను. అది నువ్వే ఆమెకు చెప్పాలె. రేపు పొద్దున బండి మాట్లాడుకొని వస్త."

ఆయన రానన్నాడు. ఛాతీ నొప్పి అన్నాడు. కూతురు గుమ్మంలో నిలబడి అంతా వింటోందని ఇద్దరూ అప్పుడు గమనించారు. ఆమె తండ్రినే చూస్తూ, "నేను తోల్కొస్త మేడం" అంది.

శుక్రవారం పది దాటాక, జమున ముందే వచ్చి ఎదురుచూస్తున్న బుచ్చవ్వ ఇంటి ముందు ఆటో ఆగింది. రెండు గదుల కాలనీ క్వార్టరు. బుచ్చవ్వ చాటలో బియ్యం ఏరుతోంది. అంతయ్య కూతురి భుజం పట్టుకుని లోపలికి వచ్చి, కుర్చీ వేసినా కూర్చోకుండా నిలబడే చెప్పాడు. మొదట పేరు సంగతి. తర్వాత మెట్‌పల్లి సంగతి. మధ్యలో రెండుసార్లు ఆగిపోయాడు. ఎవరూ అందించలేదు.

బుచ్చవ్వ చేతులు బియ్యంలో ఆగిపోయాయి. అమూల్య నాయనమ్మ దగ్గరకు రాబోతే వద్దని సైగ చేసింది.

"నీ షిఫ్టా?" అంది.

"నాదే వదినా."

"పొయ్యేటప్పుడు బువ్వ తిన్నడా? నేను ఇంట్ల లేకపోతిని."

అంతయ్యకు తెలియదు. అప్పటికే ఆయన మెట్‌పల్లి బస్సులో ఉన్నాడు. "తెల్వదు వదినా" అన్నాడు.

బుచ్చవ్వ చాట పక్కన పెట్టి లోపలి గదిలోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకుంది. ఏడుపు వినిపించలేదు. ఏమీ వినిపించలేదు. జమున గోడ గడియారం చూడకూడదనుకుంటూనే చూసింది. పదకొండున్నర అయింది, పన్నెండైంది. కూతురు అంతయ్యను నేల మీద కూర్చోబెట్టింది.

తలుపు తెరుచుకున్నప్పుడు బుచ్చవ్వ కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఇగ పో అంతయ్యా" అంది. తిట్టలేదు, ఓదార్చలేదు. ఆయన రెండు చేతులూ జోడించాడు. ఆమె అటు చూడలేదు. ఆటో వెళ్లిపోయాక జమునతో అంది: "అంత రాయి. ఆట రాయి, షిఫ్టు రాయి. ఆయన పేరు గూడ తియ్యకు. ఆ దినం బాయిల దిగింది ఆయనే గద. ఆయన దిగకపోతే నా పోశం ఆడకపోతుండె."

నాలుగున్నరకు పాఠశాల సిబ్బంది గదిలో కూర్చుని జమున ఒక ఉత్తరం రాసి ఫోన్‌లో పంపింది. సంతకం అడిగిన కాగితం కాదు. అయిదో అధ్యాయంలో మనిషి పేరే తప్పని, ఒక్కరి మాట మీద రాశానని, సరైన సంగతి ఇదని రెండు పేజీలు. పంపిన పది నిమిషాలకు సంతోష్‌రావు ఫోన్ చేశాడు.

"ఏం పని చేసినవమ్మా! చిన్న తప్పని రాస్తే సరిపోతుండె గద. నీ పుస్తకానికే ఎక్కువ మంది మొగ్గిండ్రు."

"చిన్న తప్పు కాదు సార్."

"కమిటీల పెడత" అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

కమిటీ పుస్తకాన్ని పోటీ నుంచి తీసేసింది. బహుమతి వేరే రాష్ట్రం నుంచి వచ్చిన పుస్తకానికి వెళ్లింది. ఆహ్వానం ముందే అందింది గనుక జమున కరీంనగర్ సభకు వెళ్లి ఏడో వరుసలో కూర్చుంది. ఆమె పేరు ఎవరూ ఎత్తలేదు. బహుమతి అందుకున్నాయన మంచి పరిశోధకుడు. అతని ప్రసంగం ఆమెకు నచ్చింది, అందరితో పాటు చప్పట్లు కొట్టింది. తిరుగు బస్సులో ఏడ్చింది.

మరుసటి ఏడు దిద్దిన ముద్రణ వచ్చింది. రెండో ముద్రణలను ఆ సంఘం తీసుకోదు. జమున అడగలేదు కూడా. ఒక్కరి మాట నమ్మి రాయడం మానేసి, ఇప్పుడు ఏ మాటైనా ఇద్దరినీ ముగ్గురినీ అడిగి రాస్తోంది. పాత వాలీబాల్ జట్ల మీద ఇంకో పుస్తకం మొదలుపెట్టింది.

అంతయ్య కూతురు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "బుచ్చవ్వ ఏమన్న అన్నదా అని బాపు అడుగుతుండు మేడం" అంటుంది. బుచ్చవ్వ ఏమీ అనలేదు. ఆమెకు చదువు రాదు. ఆదివారాలు అమూల్యతో అయిదో అధ్యాయం చదివించుకుంటుంది. పోశం చెప్పులు లేకుండా పరుగెత్తి ఆట గెలిచేదాకా వింటుంది. ఆ తర్వాత పేజీ తిప్పబోతే, "ఇగ సాలు బిడ్డా" అంటుంది.