డాక్టరు గారి కాలూ, పట్టేసిన బ్రేకులూ

2023 వేసవి. రాజమండ్రిలో హైవేకి కాస్త లోపలగా ఉన్న నా షెడ్డుకి పశువుల డాక్టరు సుభద్ర గారు, ఆవిడ భర్త ప్రసాద్ గారు ఒక కారు తెచ్చారు. ఇరవై ఏళ్ళ కిందటి పెట్రోలు స్పోర్ట్స్ సెడాన్. పెద్ద ఇంజను, నాలుగు చక్రాలకీ డిస్క్ బ్రేకులు. అలాంటి బండ్లు ఇప్పుడు మన వైపు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. చదువుకునే రోజుల నుంచీ ఆశపడి, ఉద్యోగం వచ్చాక ఆవిడ సొంతంగా కొనుక్కున్న కారట అది. నడుపుకొచ్చింది మాత్రం ఆయన. తాళం కూడా ఆయన జేబులోనే ఉంది.

"ఏంటండి కంప్లైంటు?" అని నేను ఆవిడని అడిగితే ఆయన జవాబు చెప్పారు.

"కారుకేం లేదండి సత్తిబాబు గారూ. మా ఆవిడకి బ్రేకు మీద కాలు పెట్టి నడిపే అలవాటు. ప్యాడ్లు రెండుసార్లు మాడ్చేసింది. మొన్న కాలవగట్టు మీద పొగలొచ్చి ఆగిపోతే, వెనక లారీ గుద్దేదే. ఇంక తనని నడపొద్దన్నానండి. మీరు కూడా ఒకసారి చూసి చెప్పేస్తే బండి అమ్మేద్దామని."

ఆవిడ నెమ్మదిగా అన్నారు. "నేను కాలు పెట్టనండి. బయల్దేరిన అరగంటకి బండి బరువెక్కుతుంది. యాక్సిలరేటర్ తొక్కినా ముందుకి పోదు. కాసేపు ఆపితే మళ్ళీ మామూలే. మూడు గ్యారేజీల్లో చెప్పాను. గేదెకి నోరు లేదండి, అయినా దాని జబ్బేంటో కనుక్కోవాల్సిందే కదా నేను. నాకు నోరుంది, చెప్తున్నాను. ఒక్కరూ వినరేంటండి?"

కాలు తీసేశాక కూడా ప్యాడ్లు డిస్కుని వదలకుండా రాసుకుంటూ ఉంటే దాన్ని మేం బ్రేక్ డ్రాగ్ అంటాం. అది రావడానికి పది కారణాలుంటాయి. ఆ మూడు గ్యారేజీల్లోనూ ఏం చేశారయ్యా అంటే, ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, వాళ్ళే కారు తీసుకుని టీ కొట్టు దాకా వెళ్ళొచ్చారు. మా వృత్తిలో టెస్ట్ డ్రైవ్ అంటే చాలామందికి అదే. అరగంట నడిస్తే గానీ రాని జబ్బు టీ కొట్టు దాకా వెళ్తే కనిపిస్తుందా? కనిపించలేదు. కాబట్టి జబ్బు లేదు. కాబట్టి ఆవిడ కాలే! అందులో పెద్ద గ్యారేజీ ఆయనైతే, "కాలవగట్టు రోడ్డు కదా మేడం, భయపడి తొక్కేస్తుంటారు. ఆడవాళ్ళకి మామూలే" అన్నాడట. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది వరస. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ప్రసాద్ గారూ, తాళం ఆవిడకివ్వండి" అన్నాను. "నేను పక్కన కూర్చుంటాను. మీరు నా బైకు మీద వెనకే రండి. బ్రేకు మీద కాలుంటే వెనక ఎర్ర లైటు వెలగాలి కదండి? అది ఎప్పుడెప్పుడు వెలుగుతుందో చూస్తూ ఉండండి. అంతే మీ పని."

బయల్దేరే ముందు పెడల్‌ని ఒక వేలితో నొక్కి, లైటు వెలగడం ఆయనకి చూపించాను. తర్వాత లైటు పాడైందని ఎవరూ అనకూడదు.

ఆవిడ రోజూ ఉద్యోగానికి వెళ్ళే దారిలోనే, కడియం మీదుగా కాలవ పక్క రోడ్డు పట్టుకున్నాం. మొక్కల నర్సరీల లారీలు, స్కూలు ఆటోలు, ఊరూరికీ స్పీడ్ బ్రేకర్లు. చెప్పులు విప్పేసి నడిపారావిడ. బ్రేకు వేసిన ప్రతిసారీ కాలు బాగా వెనక్కి లాక్కుని, "తీసేశానండి, చూశారు కదా" అని నాకు చెప్పేవారు. చేయని తప్పుకి సంజాయిషీ ఇచ్చుకుంటూ కారు నడిపే మనిషిని నేను అదే చూడటం. చక్కగా నడుపుతున్నారు. నాకంటే నయం.

కడియం దాటాక ఆవిడే అన్నారు. "మొదలైందండి." నిజమే, ఇంజను మూలుగుతోంది. మాడు వాసన కూడా వచ్చింది. ఒక నర్సరీ ముందు ఖాళీ స్థలంలో ఆపించాను. నాలుగు చక్రాలూ సెగలు కక్కుతున్నాయి. ముందు చక్రం జాకీ మీద లేపి తిప్పబోతే కదలదే!

బైకు ఆపి వచ్చిన ప్రసాద్ గారిని అడిగాను. "లైటు ఎన్నిచోట్ల వెలిగిందండి?"

"బ్రేకు వేయాల్సిన చోటే వెలిగింది" అన్నారాయన. "మిగతా దారంతా వెలగలేదండి." ఆ మాట అంటున్నప్పుడు ఆయన భార్య వైపు చూడలేదు.

ఒక్క చక్రమే పట్టేస్తే ఆ చక్రం దగ్గరే లోపం ఉందేమో అనుకోవచ్చు. నాలుగూ ఒకేసారి పట్టేశాయంటే లోపం పైనే ఉండాలి. మనం పెడల్ తొక్కితే, కాలి బలాన్ని పెంచే బూస్టర్‌లోని పుష్‌రాడ్ అనే చిన్న కడ్డీ మాస్టర్ సిలిండర్‌లో పిస్టన్‌ని తోస్తుంది. బ్రేక్ ఆయిల్ ఒత్తిడితో చక్రాలకి వెళ్తుంది. కాలు తీస్తే పిస్టన్ పూర్తిగా వెనక్కి రావాలి. అప్పుడే ఆయిల్ డబ్బాలోకి తిరిగిపోయే సన్నటి రంధ్రం తెరుచుకుంటుంది. కడ్డీ ఏ కాస్త పొడుగున్నా ఆ రంధ్రం మూసుకునే ఉంటుంది. బండి చల్లగా ఉన్నంతసేపూ ఏమీ తెలియదు. ఆయిల్ వేడెక్కి ఉబ్బిందంటే, తిరిగి పోయే దారి లేక, కాలు అవసరం లేకుండా తనే ప్యాడ్లని నొక్కేస్తుంది.

బానెట్ తీసి, మాస్టర్ సిలిండర్‌ని బూస్టర్‌కి పట్టి ఉంచే రెండు నట్లు వదులు చేసి, పిస్టన్ మీద కడ్డీ ఒత్తిడి తగ్గేలా దాన్ని కొద్దిగా ముందుకి లాగాను. "ఇప్పుడు టైరు పట్టుకుని తిప్పండి" అన్నాను ప్రసాద్ గారితో. తిప్పారు. సులువుగా తిరిగింది. ఆయన మళ్ళీ మళ్ళీ తిప్పి చూశారు.

"బూస్టర్ ఎప్పుడైనా మార్పించారా డాక్టరు గారూ?"

"పోయిన శీతాకాలంలోనండి. పెడల్ గట్టిగా ఉందంటే ఆ పెద్ద గ్యారేజీలోనే మార్చారు. ఆ తర్వాత నుంచే ఇది."

చూడండి మరి! పాత కారు కాబట్టి దాని ఒరిజినల్ బూస్టర్ దొరకలేదు. వేరే మోడల్‌ది తెచ్చి బిగించారు. రెండిటి పుష్‌రాడ్లూ ఒక్కలాగే ఉన్నాయా అని కొలిచి చూసిన పాపాన పోలేదు. తప్పు వాళ్ళది. "ఆడవాళ్ళకి మామూలే" అన్నది కూడా వాళ్ళే. దొంగే దొంగ దొంగ అని అరవడమంటే ఇది కాదూ? బండి చల్లారేదాకా ఉండి, ఆగుతూ ఆగుతూ షెడ్డుకి తెచ్చాక వాళ్ళకి ఫోన్ చేశాను. "అవునా, కొంచెం తేడా వచ్చుంటుందిలెండి. ఆవిడ కూడా చూసుకుని నడపాలి కదండి" అన్నాడాయన. ఇంకా ఆవిడేనట! నోటికొచ్చినట్టు తిట్టేసి పెట్టేశాను. ఇప్పటికీ దానికి నాకేం బాధ లేదు.

పుష్‌రాడ్ కొలత సరిచేసి, మాడిన ప్యాడ్లు, ప్యాడ్లని నొక్కే క్యాలిపర్లలో వేడికి పాడైన సీళ్ళు, ఆయిల్ అన్నీ మార్చాను. బండి తీసుకోవడానికి వచ్చిన రోజు ప్రసాద్ గారు చెయ్యి చాపారు. "ఒకసారి నేను నడిపి చూస్తానండి, సరిగ్గా అయిందో లేదో."

"మీరు కాదండి" అన్నాను. "జబ్బు చెప్పింది ఆవిడ. తగ్గిందో లేదో ఆవిడే చెప్పాలి." తాళం డాక్టరు గారి చేతిలో పెట్టాను. ఆయన పక్క సీట్లో కూర్చున్నారు. ద్వారపూడి దాకా వెళ్ళి, చాలాసేపటికి గానీ తిరిగి రాలేదు.

ఆవిడ దిగి, నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూసుకున్నారు. ఎంత సంతోషపడతారో అనుకున్నాను. కళ్ళ నీళ్ళు పెట్టుకున్నారు.

"నాకు స్పర్శ పోతోందేమో అనుకున్నానండి సత్తిబాబు గారూ. అంతమంది కాలే అంటుంటే, నాకు తెలియకుండానే తొక్కుతున్నానేమో అని భయమేసింది. కాకినాడ వెళ్ళి నరాల డాక్టరుకి కాలు చూపించుకున్నాను. సూదులతో గుచ్చి పరీక్ష చేశారు. ఏమీ లేదన్నారు."

ప్రసాద్ గారు బిత్తరపోయారు. "ఎప్పుడెళ్ళావ్? నాకు చెప్పలేదేం?"

"చెప్తే, ఇంకేముంది, కాలికే ఏదో ఉందని ఖాయం చేసేస్తారని చెప్పలేదండి" అన్నారావిడ.

 

అప్పట్నుంచీ నా షెడ్డులో ఎవరు కంప్లైంటు చెప్తే వాళ్ళ చేతికే తాళం ఇస్తాను. ఎంత దూరం పోతే జబ్బు వస్తుందంటే అంత దూరం పక్కన కూర్చుని వెళ్తాను. అరపూట పోయినా సరే, టీ చల్లారిపోయినా సరే. కడ్డీ పొడుగైతే సరిచేయడం ఎంతసేపండి? నిక్షేపంగా ఉన్న మనిషి తన కాలికి సూదులు గుచ్చించుకునేలా చేశారు. ఆ మూడు గ్యారేజీల వాళ్ళలో ఒక్కడు కూడా ఇంతవరకూ ఆవిడకి ఫోన్ చేసి, "పొరపాటైందండి" అనలేదు.