అరవై ఒకటో పెట్టె

తాళ్లరేవు నుంచి ఢిల్లీ వచ్చి ఇరవై రెండేళ్లయినా అంద్రెయకు రెండే భయాలు: చలికాలం, కొలంబో. జనక్‌పురిలోని చిన్న ఎగుమతుల ఆఫీసులో ఆయనది కాగితాల పని. మాల్దీవులకు వెళ్లే సరుకు కొలంబోలో ఓడ మారుతుంది. అక్కడ దిగకుండా సాగిపోయే సరుకుకి సుంకం లేదు, సోదా లేదు. కానీ కంటైనరు సీలు చెక్కుచెదరకూడదు, కాగితానికీ సరుకుకీ ఒక్క పెట్టె తేడా రాకూడదు. వచ్చిందా, మొత్తం ఆపేస్తారు. వారాలు పట్టినా అడిగే దిక్కుండదు.

ఈసారి వెళ్తున్నవి అరవై పెట్టెల డయాలసిస్ ఫిల్టర్లు. అవి చేరాల్సింది మాల్దీవుల్లో కూతురు అబిగెయిల్ నర్సుగా పనిచేసే ఆసుపత్రికే. అక్కడ ఉన్నవి వచ్చేవారానికి అయిపోతాయని ఆ పిల్ల ఫోనులో చెప్పినప్పటి నుంచి ఆయనకు అన్నం సయించడం లేదు.

ఓడ కొలంబో చేరడానికి రెండు రోజులుందనగా భార్య సరళకుమారి కాఫీ ఇస్తూ మురిపెంగా చెప్పింది.

"మన అబిగెయిల్‌కి ఓ పెట్టెడు ఎండురొయ్యలు పంపేనండి. సరుకెక్కించే రోజు గోడౌన్‌కి వచ్చేను కదా, లోడింగ్ భయ్యాకిచ్చి ఇదీ ఆ ఆసుపత్రికే అన్నాను. ఠీక్ హై దీదీ అని సర్దేసేడు."

అంద్రెయ కాఫీ తాగకుండానే పక్కన పెట్టేశాడు. పాపం, ఆవిడని ఏమనగలడు? కూతురి మీద ప్రేమ కస్టమ్స్ రూల్సు చదువుతుందా! మెట్రోలో దిగాల్సిన స్టేషను దాటిపోయి, వెనక్కి వచ్చి, యజమాని భీమశంకరం ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"పదిట్ల తొమ్మిది కంటైనర్లు ఎవ్వరు తెరవరు," అన్నాడు భీమశంకరం. ఆయనది హైదరాబాదు. "రెండ్రోజులు ఊకుండండి, అయిపోతది."

"తెరిస్తేనండీ?"

"మీరు చెప్తే మాత్రం పక్కా తెరుస్తరు. కస్టమ్స్‌ల మీ సంతకం ఇంకెక్కడా నడవది."

"తెలుసండి. ఇప్పుడే చెబితే ఆ ఒక్క పెట్టే తీసేసి మిగతావి వదులుతారేమోనండి. వాళ్లే కనిపెడితే మొత్తం ఆగిపోద్ది."

కొలంబో కస్టమ్స్‌కి పంపే దిద్దుబాటు కాగితంలో అరవై ఒకటి అని రాశాడు. అదనపు పెట్టెకు బాధ్యులెవరన్న చోట తన పేరే రాసుకున్నాడు. ఆ తర్వాత మూడు రోజులు ఫోను మోగితే ఉలిక్కిపడ్డాడు, మోగకపోతే ఇంకా భయపడ్డాడు. మూడో రోజు సాయంత్రం జవాబొచ్చింది: సీలు కోశారు, ఒక పెట్టె తీసేశారు, అరవై పెట్టెలూ ఓడెక్కాయి. కుర్చీలో కూర్చునే ఏడ్చేశాడు అంద్రెయ. సోమవారం నుంచి కాగితాల మీద ఆయన సంతకం ఉండదని భీమశంకరం తలొంచుకుని చెప్పాడు.

ఇంటికెళ్లి సరళకుమారికి అంతా చెప్పాడు.

"నా పేరు రాయాల్సింది కదండీ. తప్పు నాది."

"కంటైనరులోకి పెట్టెలు ఎక్కిస్తున్నప్పుడు, సరుకు క్షేమంగా చేరాలని నువ్వు ప్రార్థన మొదలెట్టేవు. నీతోపాటు నేనూ కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి తలుపులు వేసేస్తున్నారు. లెక్కపెట్టకుండానే అరవై అని సంతకం పెట్టేను సరళా."