మాడిన పప్పు వెనకాల వచ్చిన నిండు పప్పు

కోవిడ్‌కు ముందు ఏడాది వేసవిలో నన్ను పలాసలోని ఒక జీడిపప్పు ఫ్యాక్టరీకి మూడు రోజుల పని మీద పంపారు. అప్పటి నా హోదా సీనియర్ ఫర్మ్‌వేర్ ఇంజనీరు. అంటే యంత్రాల లోపలి చిప్పులకు ప్రోగ్రాములు రాసేవాణ్ణి. ఆ మూడు రోజులు పదకొండయ్యాయి. ఆ పదకొండు రోజుల్లో నేను తాగిన టీతో వంశధార కాలువలన్నీ ఒక పంటకు పారించవచ్చు.

యంత్రం పని చిన్నదే. బెల్టు మీద పప్పు ఒక్కొక్కటే వస్తుంది, కెమెరా దాని రంగూ సైజూ చూస్తుంది. మాడినదైతే గాలి ఊది ఎగరగొట్టాలి. బద్దయితే గేటు తిప్పి పక్క బుట్టలోకి పంపాలి. మిగిలింది నిండు పప్పు. ప్రోగ్రామంతా సి భాషలో ఉంది, గాలి ఊదే ముక్క, మా భాషలో ఫంక్షను, ఒక్కటి తప్ప. దాన్ని మాత్రం నేను అసెంబ్లీలో, ప్రాసెసర్‌కు ఒక్కొక్క ఆజ్ఞా విడివిడిగా ఇచ్చే భాషలో, చేత్తో రాశాను. నలభై వరసలు. వాటి గొప్పతనం ఆఫీసులో నేను వినిపించని మనిషి లేడు, కుర్చీ లేదు.

పలాసలో బెల్టు వేగం పెంచమన్నారు. సి ప్రోగ్రామును చిప్పు భాషలోకి మార్చే కంపైలర్‌కు వేగంగా నడిచే కోడు ఇమ్మని స్విచ్ వేసి, ఆ కోడునూ నా నలభై వరసలనూ లింక్ చేసి, చిప్పులోకి ఎక్కించాను. ఆ పూట నుంచే బద్దల బుట్టలో నిండు పప్పు పడసాగింది.

కరెంటును తిట్టాను. జీడితొక్కు పొగను తిట్టాను. కంపైలర్ రాసినవాళ్లను ఏడు తరాల వెనక్కి వెళ్లి తిట్టి వచ్చాను. చివరికి యజమాని విసిగిపోయాడు.

"ఏటి బావా, మిసను తప్పా, మనిసి తప్పా? ఏదో ఒకటి సెప్పు!"

మిషను తప్పు చెయ్యదని చెప్పాను. బుట్టల దగ్గరున్న మనిషి ఒక్కతే, వరహాలమ్మ. ఉద్దానం పల్లె నుంచి వచ్చి ఏళ్ల తరబడి అక్కడే పప్పు ఏరుతోంది. రేపటి నుంచి రావద్దని యజమాని ఆమెకు చెప్పేశాడు.

ఆమె తిన్నగా నా దగ్గరికే వచ్చింది.

"నాను కలిపేత్తన్నానని సెప్పేసినావేటి బాబూ? ఇలాగ రా. సూడు. మాడింది ఎగిరినప్పుడల్లా దాని ఎనకాల వచ్చింది బద్దల్లోకి పోతంది. మిగతావోటికి ఏటీ అవదు. నువ్వు ఆ డబ్బా వంక సూత్తా కూకుంటే ఇదెలాగ తెలుత్తాది?"

ల్యాప్‌టాప్ వదిలి బెల్టు పక్కన నిలబడి చూశాను. మాడిన ప్రతి పప్పు వెనకాలా అదే తంతు. మాడింది ఎగిరినప్పుడు నడిచేవి నా నలభై వరసలే కాబట్టి వాటిని తెరిచి మొదటి నుంచి చదివాను.

ప్రాసెసర్ లోపల రిజిస్టర్లని చిన్న అరలుంటాయి. ఫంక్షన్లన్నీ వాటినే వాడుకోవాలి. వాటిలో కొన్నింటిని వాడుకున్న ఫంక్షను, వెళ్లేముందు పాత విలువను తిరిగి పెట్టి వెళ్లాలని కట్టుబాటు. నా మహాకావ్యం నాలుగో నంబరు రిజిస్టరును వాడుకుని, చెత్త వదిలేసి వచ్చేది. ఆఫీసు పరీక్షల్లో కంపైలర్ విలువలన్నీ మెమరీలో దాచేది కాబట్టి బయటపడలేదు. వేగం స్విచ్ వేశాక, వెనకాల వచ్చే పప్పు సైజును సరిగ్గా ఆ అరలోనే ఉంచింది. గాలి ఊదగానే ఆ సైజు పోయేది, నిండు పప్పు బద్దయ్యేది. రెండు ముక్కలను కలిపే లింకరు ఫంక్షన్ల పేర్లు కలిశాయా అని చూస్తుందే తప్ప కట్టుబాటు పాటించారా అని అడగదు.

రెండు వరసలు చేర్చాను. మొదట్లో పాత విలువను దాచడం, చివర్లో తిరిగి పెట్టడం. బుట్టలు సరిగ్గా నిండాయి. షెడ్డులో అందరి ముందూ, తప్పు మనిషిది కాదు, మిషనుదీ కాదు, నాది అని యజమానికి చెప్పాను.

"అయితే పదకొండ్రోజులు మా కరెంటుని ఎందుకు తిట్టినట్టు బావా?" అన్నాడు. వరహాలమ్మను మర్నాడు మామూలుగానే రమ్మన్నాడు.

"వత్తాను గానండి, ఆ బాబుని మిసనుకి దూరంగా కూకోబెట్టండి," అందామె.

నేర్చుకున్నది ఇది. చేత్తో రాసిన ఫంక్షనును కంపైలరు కోడుతో కలిపేటప్పుడు ముందు చూడవలసింది వేగం కాదు, అది ఏ రిజిస్టర్లు ముట్టుకుంది, ఏవి తిరిగి పెట్టింది అన్నది. తప్పు ఎక్కడుందో తెలియనప్పుడు మనిషి పేరు చెప్పకూడదు. ఆ తరువాత రిటైరయ్యేదాకా ఏ ఫ్యాక్టరీకి వెళ్లినా, ల్యాప్‌టాప్ తెరిచేముందు బుట్టల దగ్గర పనిచేసేవాళ్లను అడిగి, వాళ్లు చెప్పింది కాగితం మీద రాసుకునేవాణ్ణి.