బియెహో అని పిలిచాను

ఎనభైల చివర్లో, మస్కట్‌కి దూరంగా ఉన్న నిజ్వా ఊళ్లో ఒక ఆసుపత్రిలో, ఎముకల వార్డులో నర్సుగా ఉండేదాన్ని. చమురు బావి దగ్గర జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్న ఇంజనీరు ఒకాయన మా వార్డుకొచ్చారు. అర్జెంటీనా ఆయన, అరవైకి దగ్గర పడ్డ మనిషి. భార్య పగలంతా మంచం పక్కన కూర్చుని ఊలు అల్లుతూ, మాటకొకసారి "బియెహో" అని పిలిచేది. చార్టులో ఉన్న పేరు నాకు నోరు తిరగలేదు. ఇదేదో సులువుగా ఉంది, ముద్దుపేరు కాబోలు అనుకుని, మూడో రోజు పొద్దున "గుడ్ మార్నింగ్, మిస్టర్ బియెహో" అన్నాను. ఆయన నవ్విన నవ్వుకు కాలికి వేలాడదీసిన బరువులు ఊగాయి.

ఆవిడ మంచం కింద నుంచి భర్త బూటు తీసి, అరిగిన మడమ చూపించి "బియెహో" అంది. తర్వాత భర్తను చూపించి "బియెహో" అంది. తన గుండె మీద చెయ్యి పెట్టుకుని "బియెహా" అంది. వచ్చీరాని ఇంగ్లీషులో నాకు అర్థమయ్యేలా చెప్పింది. పాత బూటన్నా, ముసలి మనిషన్నా అదే మాట. కట్టుకున్నవాణ్ణి ముద్దుగా పిలవాలన్నా అదే. ఆడవాళ్లకైతే చివర మారుతుంది.

"ఆయనకు కోపం రాదా?" అని అడిగాను.

"ఆయనకు ముప్పై ఏళ్లప్పటి నుంచే అలా పిలుస్తున్నాను. ఇంకెవరైనా అంటే వస్తుందేమో" అంది.

మనం తెలుగులో ముసలి అని ఊరుకోలేం. ముసలాడు అనాలా, ముసలాయన అనాలా తేల్చుకోవాలి. గౌరవం అక్కడే తెలిసిపోతుంది. ఆవిడ మాటకి అలాంటి తోక లేదు. ఉన్నదంతా గొంతులోనే ఉంది.

మాకప్పటికి పెళ్లై ఎనిమిది నెలలు. మావారు మస్కట్‌లో, దార్సైట్ దగ్గర ఒక కంపెనీలో స్టోర్ కీపరు. అక్కడ సెలవు శుక్రవారం కాబట్టి, గురువారం బస్సెక్కి వచ్చి శుక్రవారం సాయంత్రం వెళ్లిపోయేవారు. ఆయన్ని ఏమని పిలవాలో నాకు తెలిసేది కాదు. అమ్మ నాన్నని పిలిచినట్టు 'ఏమండీ' అంటే, వేరేవాళ్ల చీర కట్టుకున్నట్టుండేది. పేరు పెట్టి పిలిచే ధైర్యం లేదు. గ్లాసు చప్పుడు చేసి ఇటు తిరిగేలా చేసేదాన్ని.

ఆ గురువారం టీ ఇస్తూ "బియెహో, చక్కెర సరిపోయిందా?" అన్నాను.

"అంటే?"

చెప్పాను. ముసలి అన్న ముక్క దగ్గరే ఆగిపోయారు. ముప్పై ఒకటో ఏటే జుట్టు పల్చబడుతోందని ఆయన దిగులు.

"వాళ్ల దేశంలో ప్రేమగా అంటారండీ."

"మన దేశంలో అనరుగా" అని టీ సగంలో వదిలేశారు.

మర్నాడు పొద్దున డ్యూటీకి వెళ్తూ ఆయన్నీ తీసుకెళ్లాను. ఆపరేషన్ అయ్యాక ఇంజనీరుగారిని మొదటిసారి నడిపించే రోజు. వాకరు పట్టుకుని నాలుగడుగులు వేసి, చెమటలు కక్కుతూ, ఇక నావల్ల కాదని ఆగిపోయారు. భార్య వరండా చివర నిలబడి ఉంది. సాయానికి రాలేదు. బతిమాలలేదు. "బియెహో" అంది, ఒక్కసారే, పక్కన కూర్చున్న మనిషిని పిలిచినంత మెల్లగా. ఆయన ఆవిడ దాకా నడిచి వెళ్లి, భుజం మీద నుదురు ఆనించారు.

మావారు నారింజల సంచి పట్టుకుని చూస్తూ నిలబడ్డారు. సాయంత్రం బస్సు దగ్గర "ఆ మాట ఇంకోసారి అను" అన్నారు.

అన్నాను.

"ఆవిడ అన్నట్టు రాలేదు."

"మనకింకా ఎనిమిది నెలలే కదండీ" అన్నాను. బస్సు కిటికీలోంచి నవ్వుతూనే వెళ్లారు.

కాలు కుదురుకున్నాక ఆ దంపతులు వాళ్ల దేశం వెళ్లిపోయారు. మరుసటి ఏడు నాకు మస్కట్ బదిలీ దొరికింది. చర్చిలో మనవాళ్ల ముందు ఉత్తినే బియెహో అనడానికి నా నోరు ఒప్పుకోక, 'బియెహోగారు' అనేదాన్ని. అది మా ఇంటిపేరనుకున్న వాళ్లూ ఉన్నారు.

తర్వాత మేమొక పాత కారు కొన్నాం. బియెహో కారు అని పేరు పెట్టింది ఆయనే. ఒకసారి ఖురియాత్ దారిలో, ఎర్రటి ఎండలో అది ఆగిపోయింది. ఆయన విసుగ్గా వెళ్లి రాతి నీడన కూర్చున్నారు. నేను బానెట్ మీద చెయ్యి వేసి, "కదులు బియెహో" అన్నాను. కారు కదల్లేదు. ఆయన లేచి, ప్యాంటు దులుపుకుని, తోయడానికి వచ్చారు.